ఆరెంజ్ పిట్ట పుట్టిల్లు

పిల్లలూ, ఇది మాటలకు రెక్కలున్న కాలం నాటి సంగతి. ఆ రోజుల్లో ఒక దేశపు మాట ఇంకో దేశానికి వెళ్లాలంటే పిట్ట రూపంలో ఎగిరి వెళ్లేది. కొన్ని మాటలు ఓడల తెరచాపల మీద వాలి వెళ్లేవి. కొన్ని ఒంటెల మూపుల మీద కునుకు తీస్తూ వెళ్లేవి. ఎక్కడ వాలితే అక్కడి వాళ్లు ఇన్ని గింజలు చల్లి, తమ నోటికి అలవాటైన తీరులో ఒక ముద్దుపేరు పెట్టి పిలుచుకునేవారు. పిట్ట కూడా బుద్ధిగా ఆ పేరుకే పలికేది.

గోదావరి ఒడ్డున పొన్నగిరి అనే రాజ్యం ఉండేది. దాన్ని ఏలే మహీపాలుడు మంచి రాజే. ప్రజల్ని పీడించడు, పొరుగు రాజ్యాల మీద కన్నేయడు. కాకపోతే ఆయనకు వంశం పిచ్చి ఒకటుంది. సభకు ఎవరు వచ్చినా కుశలం అడగడానికి ముందే, "నీ తల్లి ఎవరు? ఆమె తల్లి ఎవరు?" అని కూపీ లాగేవాడు. తరాల పేర్లు గడగడా అప్పజెప్పిన వాడికి పీట వేయించేవాడు. నీళ్లు నమిలిన వాడు నిలబడే మాట్లాడాలి.

ఒక ఎండాకాలం మొదట్లో పడమటి సముద్రాల నుంచి ఒక వర్తకుడు వచ్చాడు. అతని భుజం మీద పిడికెడంత పిట్ట ఒకటి కూర్చుని ఉంది. ఒళ్లంతా నిప్పు రంగు.

"మహారాజా! ఇది మా ఇంగ్లీషు దీవి మాట. దీని పేరు ఆరెంజ్. మా దగ్గర పుల్లపుల్లగా తియ్యతియ్యగా ఉండే ఒక పండుకు దీని పేరే పెట్టుకున్నాం. ఊళ్లు చూస్తానంటే వెంట తెచ్చాను" అన్నాడు వర్తకుడు.

పిట్ట వినయంగా తల వంచింది. రాజు అలవాటు ప్రకారం అడగనే అడిగాడు. "నీ తల్లి ఎవరు?"

పిట్ట తడబడింది. "ఫ్రెంచి వాళ్లింట్లో పెరిగినట్టు కొంచెం గుర్తుంది ప్రభూ. అంతకు ముందు సంగతి నాకు తెలియదు."

రాజు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. రాజు నవ్వాక సభ నవ్వకుండా ఉంటుందా? అందరూ పగలబడి నవ్వారు. "తల్లి పేరు తెలియని దానికి నా సభలో గింజ కూడా వేయొద్దు. తోలేయండి!" అన్నాడు రాజు. భటులు కర్రలు ఊపుకుంటూ వెంటపడ్డారు.

పిట్ట ఎగిరి కోట బురుజు మీద వాలింది. దాని గుండె మండిపోయింది. "తల్లి మాట ఎత్తి నవ్విన ఈ రాజ్యంలో తల్లులెవరూ పలకకుందురు గాక!" అని అరిచింది.

అంతే. అంతఃపురంలో తాంబూలం చుడుతున్న రాణి చుడుతున్నట్టే రాయైపోయింది. రాజుగారి ముసలితల్లి పూజగదిలో రాయైపోయింది. బావి దగ్గర చేదుకుంటున్న తల్లులు, ఉయ్యాల ఊపుతున్న తల్లులు, పిల్లల వెంట పరిగెత్తుతున్న తల్లులు, ఎక్కడివాళ్లక్కడ శిలలయ్యారు. రాజ్యమంతా పిల్లల ఏడుపుతో నిండిపోయింది.

ఊరి చివర పసుపు చేలలో బాలవ్వ అనే ఆవిడ ఉండేది. భర్త పోయాడు, కడుపున పిల్లలు పుట్టలేదు. ఒక ఏడాది పసుపు తవ్వుతుంటే గట్టు మీద గంపలో పసిపిల్ల కనబడింది. చుట్టూ ఎవరూ లేరు. బాలవ్వ ఆ పిల్లను ఎత్తుకుని కనకవ్వ అని పేరు పెట్టి సాకింది. ఇప్పుడు కనకవ్వకు పదమూడేళ్లు. కాలు ఒక చోట నిలవదు, నోరు అసలు నిలవదు.

ఆ రోజు బాలవ్వ ఉడికిన పసుపు కొమ్ముల్ని కళ్లంలో ఎండబోస్తోంది. "ఎండల తిరగకే బిడ్డా! తలకు బట్ట సు..." అంటూ అన్నట్టే రాయైపోయింది.

"అవ్వా! గట్ల సూస్తవేందే? అవ్వా!" అని కనకవ్వ ఆమె భుజం పట్టి కుదిపింది. చల్లని రాయి చేతికి తగిలింది.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. బాలవ్వ కన్నతల్లి కాదని ఊళ్లో కొందరు చెవులు కొరుక్కునేవారు. కానీ శాపం ఆ లెక్కలేవీ చూడలేదు. తల్లులందరితో పాటు బాలవ్వనూ రాయిని చేసింది. అంత దుఃఖంలోనూ కనకవ్వకు ఆ సంగతి తట్టింది, తట్టి ఇంకా ఎక్కువ ఏడుపు వచ్చింది.

ఏడ్చి ఏడ్చి, కళ్లు తుడుచుకుని కోటకు పరిగెత్తింది. అక్కడ భటులు వలలు పట్టుకుని బురుజు చుట్టూ తిరుగుతున్నారు. రాజు కిరీటం తీసి పక్కన పెట్టి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. పిట్ట కూడా ఏడుస్తోంది. కనకవ్వ లంగా ఎగదోపి బురుజు ఎక్కేసింది.

"పిట్టా, దిగు."

"దిగను. నువ్వూ అడుగుతావు, నీ తల్లి ఎవరని."

"నేనెందుకడుగుత? నన్ను కన్నదెవరో నాకే తెల్వదు. సాదుకున్న అవ్వ రాయై కూసున్నది. నాకు మా అవ్వ గావాలె."

పిట్ట మెల్లగా వచ్చి ఆమె భుజం మీద వాలింది. "కోపంలో నోరు జారాను. వెనక్కి తీసుకుందామంటే ఆ శాపం నా గొంతులో ముల్లులా అడ్డం పడింది. నన్ను పెంచిన ఇళ్లన్నీ దాటుకుంటూ నా మొదటి తల్లి దగ్గరికి వెళ్తే ఆ ముల్లు రాలుతుందని నా మనసు చెబుతోంది. కానీ తొలకరి చినుకు పడేలోగా జరగాలి. ఒకసారి వానకు తడిస్తే మీ తల్లులు ఇక ఎప్పటికీ రాళ్లే" అంది.

"అయితె ఇంకేం సూస్తున్నవ్? నడువు పోదాం" అంది కనకవ్వ.

రాజు ఆమెకు సైన్యం ఇస్తానన్నాడు, బంగారం ఇస్తానన్నాడు. "అవన్ని నాకెందుకు దొరా? మా అవ్వకు ఎండ తగలకుంట పందిరేయించు, సాలు" అని కనకవ్వ వర్తకుడి ఓడ ఎక్కింది.

ఓడ సముద్రాలు దాటి ఫ్రెంచి తీరం చేరింది. ద్రాక్షతోటల మధ్య తెల్లని రాతి ఇల్లు, ఇంటి ముందు రొట్టెలు కాల్చే పొయ్యి. పొయ్యి దగ్గర నిలబడ్డ నెరిసిన జుట్టు పెద్దావిడ పిట్టను చూడగానే చేతిలో రొట్టె వదిలేసింది.

"ఒరాంజ్! నా బంగారు పిచ్చుకా! ఆ మంచు దీవికి వెళ్లి ఎంత చిక్కిపోయావే!"

ఆ పాత పేరు చెవిన పడగానే పిట్ట ఒంటి మీద కొత్త ఈకలు మొలిచాయి. చూస్తుండగానే అది బాతంత అయింది. పెద్దావిడ ఇద్దరికీ కడుపు నిండా పెట్టి, తనకు గుర్తున్నది చెప్పింది. "నువ్వు దక్షిణపు రేవుల నుంచి నావికుల వెంట వచ్చావు. అప్పటికే నీ పేరు సగం సముద్రపు ఉప్పు తినేసింది. మా ఇంట బంగారాన్ని 'ఓర్' అంటాం. నీ రంగు చూసి ఆ ధ్యాసలోనే అలా పిలిచి ఉంటాను. అంతకు ముందు నిన్ను పెంచింది అరబ్బీ వాళ్లు. ఎడారిలో వాళ్ల తోట ఉంది."

బయల్దేరేటప్పుడు పెద్దావిడ కనకవ్వను ఆపింది. "ఇంటికొచ్చిన పిల్లల్ని వట్టి చేతులతో పంపుతానా?" అని ఆమె ఒడి నిండా గోధుమలు పోసింది.

వాళ్లు తూర్పు దారి పట్టారు. ద్రాక్షతోట దాటారు, వంతెన దాటారు, మలుపు తిరిగారు. ఎదురుగా అదే తెల్లని ఇల్లు! పడమర నుంచి తిరిగినా, చెరువు గట్టు మీదుగా వెళ్లినా, చివరికి అదే గడప ముందు తేలుతున్నారు. "ఇంకా వెళ్లలేదా?" అని పెద్దావిడ ఆశ్చర్యపోతోంది. పాపం, ఆమె చేసిందేమీ లేదు.

కనకవ్వ గడప మీద చతికిలబడింది. ఒడిలో గోధుమలు చూస్తుంటే బాలవ్వ గుర్తొచ్చింది. పొన్నగిరి సీమలో ఆడబిడ్డ పుట్టింటికి వచ్చి వెళ్లేటప్పుడు పుట్టింటివాళ్లు ఆమె ఒడిలో పసుపు కలిపిన బియ్యం పోస్తారు. వాటిని ఒడిబియ్యం అంటారు. బాలవ్వ తన అన్న ఇంట ఒడిబియ్యం పోయించుకున్నప్పుడు, గడప దాటే ముందు పిడికిళ్లతో కొన్ని బియ్యం తీసి వాళ్ల చాటలోనే తిరిగి పోసింది.

"ఇచ్చినయి మల్ల ఎందుకిస్తున్నవవ్వా?" అని ఆ రోజు కనకవ్వ అడిగింది.

"అంత ఊడ్సుకపోతె పుట్టిల్లు ఉత్తదైతది బిడ్డా. మనం సల్లగుండాలని వాళ్లు పోసిండ్రు. వాళ్లు సల్లగుండాలని మనం కొన్ని ఇడ్సిపోవాలె" అని చెప్పింది బాలవ్వ.

కనకవ్వ నాలిక్కరుచుకుంది. లేచి లోపలికి వెళ్లి గోధుమలు పిడికిళ్లతో తీసి ఆ ఇంటి గంపలో పోసింది. "నువ్వు పెట్టిన రొట్టె బాగుండె అవ్వా. మీ ఇల్లు సల్లగుండ" అంది. పిట్ట తన కొత్త ఈక ఒకటి రాల్చి గడప మీద పెట్టింది. "నన్ను బంగారం అని పిలిచావు. నీ మేలు మరిచిపోను" అంది. పెద్దావిడ కళ్లు తుడుచుకుంది. ఈసారి మలుపు తిరిగితే కొత్త దారి కనబడింది.

ఓడల మీద, ఒంటెల మీద సాగి సాగి ఎడారి చేరారు. ఇసుక మధ్యలో పచ్చని తోట. తోట వాకిట్లో తాటిచెట్టంత భూతం కాలు మీద కాలేసుకుని కూర్చుంది.

"ఆగండి! ఈ తోట ఈ పిట్టకు ఏమిచ్చిందో చెప్పండి. చెబితే లోపలికి వెళ్లొచ్చు. చెప్పకపోతే మింగేస్తాను" అని గర్జించింది.

పిట్టకు ఏమీ గుర్తు లేదు. కనకవ్వకు భయంతో గొంతు ఎండిపోయింది. "తాతా, మింగితె మింగు గని ముందుగాల నీళ్లియ్యి. దప్పికైతంది" అంది.

భూతం ఇబ్బందిలో పడింది. ఎంత భూతమైనా ఆ దేశంలో దాహమన్న వాళ్లకు కాదనకూడదు. గొణుక్కుంటూ లేచి, కాలువలోంచి దోసిలి నిండా నీళ్లు తెచ్చింది. కనకవ్వ తాగుతూ ఆ కాలువ వైపు చూసింది. ఎక్కడో కొండల కింది నుంచి రాళ్లు పేర్చి తెచ్చిన కాలువ అది. పిల్లకాలువలుగా చీలి ప్రతి చెట్టు మొదట్లోకీ వెళ్తోంది. నిప్పు రంగు పండ్లతో చెట్లు వంగి ఉన్నాయి.

"నీళ్లు!" అని అరిచింది కనకవ్వ. "ఇంత ఇసుకల మీరు నీళ్లు పారిచ్చిండ్రు. చెట్టును బతికిచ్చుకుంట దేశదేశాలకు మోసుకపోయిండ్రు. మీరు చెట్టును బతికియ్యకపోతె పేరెట్ల బతుకుతుండె తాతా?"

భూతం మింగలేదు. ముఖం చేతుల్లో దాచుకుని బావురుమంది. "ఈ కాలువలు తవ్విన వాళ్లలో నేనొకణ్ని. పండు తిన్న వాళ్లను చూశాను, పేరు పట్టుకుపోయిన వాళ్లను చూశాను. నీళ్ల మాట ఎత్తిన వాళ్లను ఇవాళే చూశాను" అంది.

లోపలి నుంచి అరబ్బీ తల్లి పరుగున వచ్చింది. "నారంజ్! వచ్చావా తల్లీ!" అని పిట్టను గుండెకు హత్తుకుంది. పిట్ట ఈసారి గుర్రమంత పెరిగింది. ఆమె కనకవ్వ ఒడిలో ఖర్జూరాలు పోసింది. కనకవ్వ కొన్ని తిరిగి ఆమె బుట్టలో వేసి దండం పెట్టింది. ఇంకో గుప్పెడు భూతం అరచేతిలో పెట్టింది. ఆ అరచేతిలో అవి ఆవగింజల్లా ఉన్నాయి. అయినా భూతం వాటిని ఒక్కొక్కటే చప్పరిస్తూ చాలాసేపు తిన్నది.

"నీకంటే ముందు నన్ను పెంచిందెవరమ్మా?" అని పిట్ట అడిగింది.

"పారసీక దేశపు అక్కయ్య. ఆమె తోట గోడ అంత ఎత్తు ఎక్కడా ఉండదు" అంది అరబ్బీ తల్లి.

ఇప్పుడు కనకవ్వ పిట్ట వీపు మీదే ఎక్కి కూర్చుంది. కొండల మీదుగా ఎగిరి పారసీకుల తోటలో దిగారు. గులాబీలు, దానిమ్మలు, మధ్యలో నీలపు కొలను. ఆ తోట తల్లి చల్లని ముఖంతో ఎదురొచ్చి, "నారంగ్!" అని పిలిచింది. పిట్ట ఆమె ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. వాళ్లు కబుర్లలో పడ్డారు. కనకవ్వ కొలను దగ్గరికి వెళ్లింది. అక్కడ తెల్లని సింహం ఒకటి పడుకుని ఉంది.

"కన్నతల్లి ఎవరో తెలియని పిల్లవు కదూ నువ్వు?" అంది సింహం. "ఈ కొలనులోకి వంగి చూస్తే ఆమె ముఖం కనబడుతుంది. కాకపోతే కొలను ఊరికే ఇవ్వదు. నీకు గుర్తున్న ముఖాల్లో అన్నిటికన్నా ప్రియమైనదాన్ని పుచ్చుకుంటుంది."

కనకవ్వ కొలను వైపు ఒక అడుగు వేసింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ ముఖం ఎలా ఉంటుందో అని ఊహించని రోజు లేదు. ముక్కు తనలాగే ఉంటుందా? నవ్వితే బుగ్గ సొట్ట పడుతుందా? అసలు తనను గంపలో ఎందుకు పెట్టింది? వంగితే చాలు, తెలిసిపోతుంది. నీళ్ల అడుగున ఏదో నీడ కదిలింది కూడా.

ఆమె కొలను అంచున మోకాళ్ల మీద కూర్చుంది. బాలవ్వ ముఖం తలుచుకుంది. నుదుటి మీద అమ్మవారి మచ్చలు, ఊడిన ముందుపన్ను, చెమట తుడుచుకుంటే చెంపకు అంటుకునే పసుపు. ఆ ముఖం ఇక ఎప్పటికీ గుర్తు రాదంటే ఎలా ఉంటుందో ఊహించబోయి, ఊహించలేకపోయింది. కళ్లు గట్టిగా మూసుకుని లేచి నిలబడింది.

"చూడాలని లేదా?" అని అడిగింది సింహం.

"ఉన్నది. మస్తున్నది. గని మా అవ్వ లేసి 'బిడ్డా' అని పిలిస్తె, ఈమె ఎవరా అని నేను సూడాల్నా? నాతోని గాదు" అంది కనకవ్వ. చెబుతుంటేనే ఏడుపు తన్నుకొచ్చింది.

సింహం లేచి వచ్చి ఆమె చేతిని నాకింది. తోట తల్లి అంతా వింటూనే ఉంది. ఆమె కనకవ్వ ఒడిలో బాదం పప్పులు పోసి, తల నిమిరింది. "మా నారంగ్ నా దగ్గరికి వచ్చేటప్పటికే నడక నేర్చిన పిల్ల. వింధ్యాటవిలో ఒక మహర్షి ఉన్నాడు. అడుగు" అంది. కనకవ్వ పిడికిళ్లతో బాదం తిరిగి ఇచ్చి, "మా అవ్వను మర్సిపోకుంట నన్ను పంపుతున్నవ్. నీ రుణం తీర్సుకోలేను" అంది.

వింధ్యాటవిలో మహర్షి పులితోలు మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం నేలను తాకుతోంది. ఆయన సంస్కృతంలో పిట్టను "నారంగ!" అని పిలవగానే అడవి మార్మోగింది. పిట్ట రెక్కలు విప్పితే పెద్ద నావంత ఉన్నాయి.

"ఇక మీ ప్రయాణం ముగిసింది. ఈ మాట నా నోటనే పుట్టింది" అన్నాడు మహర్షి గంభీరంగా.

పిట్ట ఆశగా గొంతు సవరించుకుంది. ముల్లు కదల్లేదు. కనకవ్వ మహర్షి వంక అనుమానంగా చూసింది.

"తాతా, కోపం జెయ్యకు. ఈ పండు చెట్టు నీ ఆశ్రమంల మొలిసిందా?"

"లేదు."

"మరి పండు నీకెవరిచ్చిండ్రు? పేరెవరు జెప్పిండ్రు?"

మహర్షి కళ్లు ఎర్రబడ్డాయి. కనకవ్వ రెండడుగులు వెనక్కి వేసింది కానీ చూపు తిప్పలేదు. చాలాసేపటికి ఆ కళ్లలో ఎరుపు తగ్గింది. ఆయన గడ్డం సవరించుకుంటూ తల దించుకున్నాడు.

"అబద్ధమాడలేను. దక్షిణపు అడవుల నుంచి ఒక స్త్రీ బుట్ట మోసుకుంటూ ఈ దారిన వచ్చింది. ఎండకు సొమ్మసిల్లిన నాకు ఒక పండు వలిచి నోట్లో పెట్టింది. పేరు అడిగితే చెప్పింది. నేను ఆ పేరును నా పద్ధతిలో చెక్కి దాచుకున్నాను. ఆమె ఎవరో, ఏ ఊరో అడగలేదు. కృతజ్ఞత కూడా చెప్పలేదు. కనబడితే నా నమస్కారం చెప్పు తల్లీ" అన్నాడు. సన్యాసి దగ్గర ఒడిలో పోయడానికి ఏముంటుంది? ఆశ్రమం చుట్టూ ఏరి తెచ్చుకున్న నివ్వరి గింజలు, అంటే దున్నకుండానే మొలిచే అడవి వడ్లు, ఒక దోసెడు పోశాడు. కనకవ్వ ఆయన కుండలో ఒక పిడికెడు తిరిగి పోసి, కాళ్లకు మొక్కింది.

పిట్ట దక్షిణానికి ఎగిరింది. ఎగిరిన కొద్దీ కనకవ్వకు కింద కనబడేవన్నీ తెలిసినవిగా తోచసాగాయి. అదిగో గోదావరి. అదిగో పొన్నగిరి కోట వెనక కొండ. పిట్ట రెక్కలు తమంతట తామే ఆ కొండ వెనక అడవిలోకి వంగాయి.

"ఇదేందే! ఇది మా ఊరి అడివే. నేను కట్టెలకొచ్చేది ఈడికే!" అంది కనకవ్వ నోరెళ్లబెట్టి.

ఆకాశంలో మబ్బులు కమ్ముకుంటున్నాయి. అడవి నడుమ గోడలు కూలిన ఒక పాత ఇల్లు, మూడు రాళ్ల పొయ్యి, చుట్టూ నారింజ చెట్లు. ఆ పూల వాసనకు పిట్ట ఒళ్లంతా పులకరించింది. పొయ్యి దగ్గర ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ఎంత ముసలిదంటే, ఆమె ముఖంలోంచి వెనక ఉన్న చెట్లు కనబడుతున్నాయి.

"నన్ను కన్నది నువ్వేనా?" అంది పిట్ట. "నీ పేరేమిటి?"

"నాకు పేరు లేదు తల్లీ" అంది ముసలమ్మ. "నా బిడ్డలు తెలుగని, తమిళమని, కన్నడమని, మలయాళమని, ఇంకా ఎన్నో పేర్లు పెట్టుకుని ఎవరి కాపురం వాళ్లు పెట్టుకున్నారు. వాళ్లు పుట్టక ముందు నన్నేమనేవారో ఎవరూ రాసి పెట్టలేదు. మంచి వాసనకు మా ఇంట ఒక మాట ఉండేది. దాంట్లోంచే నువ్వు పుట్టావని పెద్దలు అనుకుంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ ఒట్టు పెట్టి చెప్పలేను. నాకూ ఒక అమ్మ ఉండేది, ఆమె పేరు నాకు గుర్తు లేదు."

పిట్ట కుప్పకూలింది. "ఇంత దూరం వచ్చి కూడా 'అనుకుంటారు' అన్న మాటేనా? ఇక నా గొంతులో ముల్లు రాలదు" అని ఏడ్చింది. దూరంగా ఉరుము ఉరిమింది.

కనకవ్వకూ ఏడుపు వచ్చింది. కానీ ముసలమ్మ చుట్టూ చూసింది. పొయ్యిలో నిప్పు లేదు, చాటలో గింజ లేదు. బిడ్డలొచ్చారు, ఒడిలో పోయడానికి ఏమీ లేదని ఆ ముసలి చేతులు ఊరికే చీర చెంగు నలుపుతున్నాయి. కనకవ్వ దగ్గరికి వెళ్లి కూర్చుంది.

"నువ్వు జెయ్యి సాపకవ్వా, ఒడి పట్టు" అంది. తన ఒడిలో మిగిలిన గోధుమలు, ఖర్జూరాలు, బాదం, నివ్వరి గింజలు, అన్నీ ముసలమ్మ ఒడిలో పోసింది. "నీ బిడ్డ ఏ ఇంటికి పోయినా సక్కగ సూసుకున్నరు. ఇవి ఆ ఇండ్లల్లయి. పండు తినబెట్టి పానం నిలబెట్టినవంట, ఆ మహర్షి దండం జెప్పమన్నడు" అంది.

ముసలమ్మ ఆ గింజల్లో వేళ్లు పెట్టి, ఒక్కో గింజను తడిమింది. "ఇన్ని ఇళ్లు తిరిగిందా నా పిల్ల! ఇంతమంది తల్లులు తిండి పెట్టారా! వాళ్లందరూ చల్లగా ఉండాలి" అంది. ఆమె కళ్ల నుంచి నీళ్లు ధారగా కారాయి.

పిట్ట తల ఎత్తింది. తన ఒంటి మీద ఒక్కో ఈక ఎవరి ఇంట మొలిచిందో దానికి ఒక్కసారిగా తెలిసింది. "నన్ను ఒరాంజ్ అని పిలిచిన అమ్మకు దండం. నారంజ్ అని పిలిచిన అమ్మకు, ఆ నీళ్ల తాతకు దండం. నారంగ్ అన్న అమ్మకు, నారంగ అన్న మహర్షికి దండం. చలి దీవిలో ఆరెంజ్ అని గూడు కట్టిన వాళ్లకు దండం. పేరు లేని మా అమ్మకు, ఆమెను కన్న ఆ పేరు తెలియని అమ్మకు దండం" అంది. చివరి మాటతో పాటు ముల్లు రాలి నేల మీద పడింది.

మొదటి చినుకు కోట గోపురాన్ని తాకేసరికి పొన్నగిరిలో తల్లులందరూ కదిలారు. రాణి తాంబూలం పక్కన పెట్టి "ఏమిటీ అరుపులు?" అంది. పిల్లలు తల్లుల మెడలకు చుట్టుకుపోయారు. పసుపు కళ్లంలో బాలవ్వ "...ట్టుకోయే" అని మాట పూర్తి చేసి, చుట్టూ చూసి, కనకవ్వ కనబడక కేకలు పెట్టింది. పిల్ల ఆకాశం నుంచి దిగుతుంటే ఎదురు పరిగెత్తింది.

రాజు జరిగినదంతా కనకవ్వ నోట విని, నడిచి వచ్చి పిట్ట ముందు మోకరిల్లాడు. "నా కోట వెనక అడవి బిడ్డను నేనే కర్రలతో తోలించాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. క్షమించు" అన్నాడు. పిట్ట తన రెక్కతో ఆయన కన్నీళ్లు తుడిచింది. ఆ తర్వాత అది ఏ ఒక్క ఇంట్లోనూ ఉండిపోలేదు. ఏడాది పొడుగునా తల్లులందరి ఇళ్లకూ తిరుగుతూ, వెళ్లిన చోటల్లా అక్కడి పేరుకే పలికేది. పొన్నగిరికి వచ్చినప్పుడు రాజే స్వయంగా గింజలు చల్లేవాడు.

కనకవ్వకు రాజు గోదావరి రేవును, రేవు చుట్టూ ఉన్న సీమను ఇచ్చాడు. పెరిగి పెద్దదయ్యాక ఆమె అక్కడ ఒకటే నియమం పెట్టింది. ఏ దేశపు మాట వచ్చి వాలినా ముందు తిండి పెట్టాలి, తర్వాతే పేరు అడగాలి. ఆమె ఏలుబడిలో ఆ రేవు చిలకల తోటలా కళకళలాడింది.

కానీ అవన్నీ తర్వాత సంగతులు. ఆ వాన కురిసిన సాయంత్రం బాలవ్వ కనకవ్వను ఒళ్లో కూర్చోబెట్టుకుని, కొలను దగ్గరి సంగతి విన్నది.

"నీకొక్క మాట ఎన్నడు జెప్పలే బిడ్డా" అంది. "కొత్తోళ్లు ఎవరన్న మన చేను దిక్కు వస్తుంటె, నిన్ను గాదె ఎనకాల దాసిపెడుతుంటి. కన్నతల్లి వచ్చి అడిగితె ఇయ్యాల్సొస్తదని బుగులు. పదమూడేండ్లు గట్లనే బుగులు పడ్డ."

కనకవ్వ నవ్వింది, ఏడ్చింది, రెండు చేతులూ ఆమె మెడ చుట్టూ వేసింది.

"ఇగ నన్ను దాయకే అవ్వా. ఆమె వస్తె రానీ. ముందుగాల కాళ్లకు నీళ్లిద్దాం, కడుపు నిండ బువ్వ పెడుదాం. నన్ను తెచ్చి నీ గట్టు మీదనే పెట్టింది సూడు, గందుకు ఆమెకు నేను దండం బెట్టాలె" అంది.

బాలవ్వ ఆ రాత్రి నుంచి తలుపు గడియ పెట్టడం మానేసింది. పిల్లలూ, ఆరెంజ్ పిట్ట ఇవాళ మీ నోట వాలినా వాలుతుంది. దాన్ని ఏ పేరుతో పిలిచినా పలుకుతుంది. కథ చెప్పిన నాకు ఒక తొన, విన్న మీకు మిగతా పండంతా.